విప్పని కట్టు

కోదాడ నుంచి హైదరాబాద్ వెళ్లే బస్సులో ఒకాయన వచ్చి రామలింగయ్య పాదం పట్టుకున్నాడు.

రామలింగయ్య వెనక సీటు మీద కాళ్లు చాపుకొని పడుకున్నాడు. పొద్దున గొర్రెల మందను రోడ్డు దాటిస్తుంటే మోటారు సైకిల్ గుద్దింది. మోకాలు పక్కకు జరిగిపోయింది. దగ్గరి పల్లెలో కట్లు కట్టే పెద్దమనిషి దాన్ని లాగి సరిచేసి, వెదురు బద్దలు పెట్టి బిగించి కట్టాడు. తొమ్మిది రోజులు విప్పొద్దని ఒట్టు కూడా వేయించుకున్నాడు.

మందను తోటి కాపరులకు అప్పగించి, భార్య యాదమ్మ, కొడుకు నగేష్ అతన్ని బస్సెక్కించారు. సూర్యాపేటలో దిగి ఆత్మకూరు పోవాలి.

వచ్చినాయన పాదం పైన రెండు వేళ్లు ఆనించి చాలాసేపు ఉంచాడు. రెండో పాదం చూశాడు. మళ్లీ మొదటిదానికి వచ్చాడు. అతని ముఖం మారిపోయింది.

"అమ్మా, ఈ కాలికి రక్తం పోతలేదు. కట్టు విప్పి ఇదే బస్సుల హైదరాబాద్ పోదాం. ఈ పొద్దే ఆపరేషన్ అయితే కాలు దక్కుతది."

నువ్వెవరని నగేష్ అడిగాడు. డాక్టర్నన్నాడు. వెలిసిపోయిన చొక్కా, తెగి కుట్టించుకున్న చెప్పులు, చేతిలో ఒక ప్లాస్టిక్ ఫైలు. ఊళ్లో సూదులేసే ప్రతివాడూ డాక్టరేనని నగేష్‌కు తెలుసు.

అప్పుడతను అడగకూడని మాట అడిగాడు.

"తెల్లకార్డు ఉందా? ఆరోగ్యశ్రీల పైసా ఖర్చు కాదు."

నగేష్‌కు అంతా అర్థమైపోయింది. అర్థమైందనుకున్నాడు, పాపం. నిరుడు ఇలాగే కార్డు అడిగిన ఏజెంటు ఒకడు వాళ్ల మేనమామను పట్నం తీసుకుపోయి, ఏదో దవాఖానలో పడేసి, కమీషన్ తీసుకుని మాయమయ్యాడు. మేనమామ తిరిగి రాలేదు.

"నీలాంటోళ్లను మస్తుమందిని సూసినం. కాలు ఇడిసిపెట్టు" అన్నాడు నగేష్.

సూర్యాపేటలో వాళ్లు దిగారు. అతనూ దిగాడు. బస్సు వెళ్లిపోయింది.

ఆటో దాకా వెంటవచ్చి బతిమాలాడు. కనీసం కట్టయినా విప్పమన్నాడు.

"ఇగ నొస్తలేదు బిడ్డా. పాదం ఉన్నట్టే తెలుస్తలేదు. మంచిగనే అయితది" అన్నాడు రామలింగయ్య.

ఆ మాట విని వచ్చినాయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అదీ నటనే అనుకున్నాడు నగేష్.

చివరికి ఆయన ఒక చీటీ మీద తన పేరు, ఫోన్ నంబరు రాసి యాదమ్మ చేతిలో పెట్టాడు.

"సాయంత్రం దాక ఈ బస్టాండ్లనే కూసుంట. మనసు మారితే ఒక్క ఫోన్ చెయ్యమ్మా."

యాదమ్మ చీటీని కొంగున ముడేసుకుంది. ఫోన్ చేద్దామా అని ఇంటికెళ్లాక రెండుసార్లు అడిగింది కూడా. నగేష్ కసిరాడు.

నాలుగో రోజు కట్టులోంచి వాసన వచ్చింది. కాలి వేళ్లు నల్లబడ్డాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు హైదరాబాద్ పరుగెత్తారు.

పెద్ద డాక్టరు చూసి, మోకాలి పైకి తీసేయాలన్నాడు. మోకాలు జరిగినప్పుడే వెనక రక్తనాళం తెగిందని, ఆ రోజే వస్తే అతికించేవాళ్లమని చెప్పాడు. ముందు ఏ డాక్టరూ చూడలేదా అని అడిగాడు.

నగేష్ తల వంచుకున్నాడు. యాదమ్మ కొంగుముడి విప్పి చీటీ ఇచ్చింది.

పేరు చదివి పెద్ద డాక్టరు కుర్చీలో కూలబడ్డాడు.

"ఆ పేషెంట్ వాళ్లు మీరేనా?" అన్నాడు.

యాదమ్మకు అర్థం కాలేదు.

"సూర్యాపేట బస్టాండు నుంచి ఫోన్ చేశాడమ్మా ప్రభుదాస్. ఒక కాలు పోయేటట్టుంది సార్, వాళ్లు ఒప్పుకుంటే తీసుకుని వస్తా, ఒక్క రోజు ఆగండి అన్నాడు. రూలు ఒప్పుకోదన్నాను."

ఆయన చీటీని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"తెగిన రక్తనాళాలు అతికించడం నేర్పే సీటు మా దగ్గర ఏడాదికి ఒక్కటే, మూడేళ్లు చదివి దాన్ని గెలుచుకున్న ఆ కూలివాళ్ల పిల్లవాడు ఆ సాయంత్రం అయిదింటి లోపల వచ్చి చేరలేదని, ఇంకొకరికి ఇచ్చేశాను."