నిక్షేపంలాంటి గుండె

"మా తమ్ముణ్ణి చంపింది మీరే," అంది అక్క, గుండె డాక్టరు బల్ల మీద చేతిలోని కాగితాన్ని పరిచి.

వరసలో కూర్చున్న రోగులను దాటుకుని, అడ్డొచ్చిన నర్సును తోసుకుని లోపలికి వచ్చేసిందామె. వెనకే పరుగున వచ్చిన, తమ్ముడి బ్యాండులోని డ్రమ్మర్ ఆమె చెయ్యి పట్టుకుని, ఇంటికి పోదాం పదమని బతిమాలుతున్నాడు. ఆ బ్యాండులో పాడే తమ్ముడు చనిపోయి ఆరు రోజులైంది. ఇరవయ్యారేళ్ళవాడు. అభిమానులు ముద్దుగా పిడుగు అనేవారు. మూడో పాట మధ్యలో గొంతు పైకెత్తి, ఎత్తినవాడు ఎత్తినట్టే గిటారుతో సహా వెనక్కి పడిపోయాడు. అదీ ఆటలో భాగమే అనుకుని హాలంతా చప్పట్లు కొట్టింది. ఎంతకీ లేవకపోయినా కొడుతూనే ఉంది.

డాక్టరు కోప్పడలేదు. కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

నిలబడే చెప్పింది. మూడు నెలల క్రితం వాడు స్నానాల గదిలో రెండుసార్లు కళ్ళు తిరిగి పడ్డాడు. బ్యాండు వాళ్ళకు మాత్రం గొంతు బాగాలేదని చెప్పాడు. గుండెకు స్కాను తీయించుకునేదాకా పాట లేదు గీట లేదని ఆమె గిటారును బీరువాలో పెట్టి తాళం వేసింది. అమ్మా నాన్నా అన్నీ తానే అయి పెంచింది గనక వాడు ఎదురు చెప్పలేకపోయాడు. పది రోజులు ముఖం మాడ్చుకు తిరిగాడు. పదకొండో రోజు ఈ కాగితం తెచ్చి ఒళ్ళో పడేసి, గుండ్రాయిలా ఉన్నానట చూడమని నవ్వాడు.

డ్రమ్మర్ ఆమె చెయ్యి వదిలేశాడు.

"కింద మీ సంతకం చూశాకే తాళం తీశాను," అందామె. "నా చేతులతో నేనే తీసిచ్చాను."

పోస్టుమార్టం రిపోర్టు తెచ్చారా అని అడిగాడు డాక్టరు. సంచిలోంచి తీసి ఇచ్చింది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాడు. మళ్ళీ మొదటినుంచీ చదివాడు. కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు.

"అమ్మా, మీ తమ్ముడి గుండె గోడ పుట్టుకతోనే దళసరి. మూడు నెలల్లో వచ్చే జబ్బు కాదిది. ఈ స్కానులో ఉన్నది నిక్షేపంలాంటి గుండె. ఈ రెండూ ఒక మనిషివి కావు."

"అంటే మార్చేశారన్నమాట."

 తన దగ్గరికి వచ్చేది బొమ్మే, మనిషిని చూసేది స్కాన్ తీసే ఆవిడే అని చెప్పి డాక్టరు ఆవిణ్ణి పిలిపించాడు. రేపో మాపో ఉద్యోగం నుంచి దిగిపోయే వయసు ఆవిడది. రిజిస్టరు తెచ్చి వేలు పెట్టి చూపించింది. ఆ రోజు పొద్దున మొట్టమొదటి పేరు అదే. ఇంకొకరు గదిలోకి రాకముందే స్కాను తీయడమూ అయింది, పైకి పంపడమూ అయింది. ఇక ఎవరిదానితో మారుతుందని ఎదురడిగింది.

మనిషి గుర్తున్నాడా అన్నాడు డాక్టరు.

రోజుకు నలభై మందిని చూస్తాను, ముఖాలెక్కడ గుర్తుంటాయి అందావిడ. వచ్చినవాడు పాటలు పాడతాడన్న సంగతే తెలియదట. పైగా ఆ పాటలు తాను వినదట. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది.

"ముఖం గుర్తులేదు గానీ ఆ అబ్బాయి గుర్తున్నాడు సార్. క్షణం కుదురుగా ఉంటేగా. మంచం ఊచ మీద రెండు చేతులతో ఒకటే దరువు. బొమ్మ కదిలిపోతోంది నాయనా అని మూడుసార్లు చెప్పాను."

డ్రమ్మర్ బల్ల దగ్గరికి వచ్చాడు. కాగితం మీద పేరు చూశాడు, తారీఖు చూశాడు. బల్ల అంచు పట్టుకున్నాడు. డాక్టరు కుర్చీ ముందుకు జరిపినా చూడలేదు.

"ఆస్పత్రి వాసనకే కడుపులో తిప్పుతుందన్నాడక్కా. బీమా వాళ్ళకి ఏదో కాగితం కావాలట, నా బదులు నువ్వెళ్ళి పడుకుని రారా అన్నాడు. నీకోసమని చెప్పలేదు," అన్నాడు. "ఇందులో ఉన్నది నా గుండె."