పక్క సీటు

"నిన్ను జాలిపడి పాస్ చేసుంటారు," అన్నాడు భర్త. పొద్దుట్నుంచీ అదే పాట. సొంత దేశంలో ఏళ్ళ తరబడి కారు నడిపిన తను ఇక్కడ డ్రైవింగ్ పరీక్ష తప్పాడు. అక్కడ స్టీరింగే ముట్టని భార్య గట్టెక్కింది. అదే మింగుడు పడటం లేదు.

"ఆ జాలేదో నీమీద పడలేదేంరా?" అంది తల్లి, మనవరాలితో వెనక సీట్లో సర్దుకుంటూ.

అతనికి ఒళ్ళు మండింది. "తాళాలివ్వు. లైసెన్సున్నదానివి, పక్కన కూర్చో."

భార్య ఇచ్చింది. అతను విసురుగా కుడివైపు తలుపు తీసి, ఠీవిగా కూర్చున్నాడు. ఎదురుగా స్టీరింగ్ లేదు. ఈ దేశంలో అది ఎడమవైపు. కూతురు కిసుక్కుమంది.

భార్య నవ్వలేదు. "మీరు ఇన్నేళ్ళ అలవాటు మానుకోవాలి. నాకు మానుకోవడానికేముందండీ?"

అతను తాళాలు ఆమె చేతిలో పెట్టి, వెనక సీట్లోని కూతురి వైపు తిరిగాడు.

"ఇకనుంచి బండి మీ అమ్మే నడుపుతుంది," అన్నాడు మెల్లగా. "నాకూ తనే నేర్పుతుంది."