బందు రోజు పాట

రైలుగేటు ఎదురు మేడ మీది అప్పాయమ్మ చెప్పిందట. ఆ మాట పట్టుకుని బైరాగి బందు ఊరేగింపు మధ్యలోకి దూసుకొచ్చాడు.

“రైలుగేటు పక్కన సున్నం గోడౌనున్నాది సూడు మావా, అందులో కుర్రోళ్ళు సేరతన్నారట. మామూలు రోజుల్లో పిల్లి కూడా తిరగదట. బందొస్తే సాలు, తలుపులేసుకుని ధనాధనా బాదుడట. బందుని తొక్కేసి పని సేసుకుంటన్నారని అప్పాయమ్మ వీధంతా టముకేస్తన్నాది.”

పోలిరాజు జెండాకర్ర భుజం మార్చుకున్నాడు.

బెంగాలీల ఊళ్ళో తెలుగు కూలీల పేట టికియాపారా. అక్కడ బందంటే పోలిరాజు బందే. రైలు పట్టాల కూలీల గ్యాంగుకి మేస్త్రీ. యూనియన్లో ఆయన మాటే మాట. ఆయన చెయ్యెత్తితే షంటింగు ఇంజన్లు కూడా నోరు మూసుకునేవి. ఆ పొద్దునే టీకొట్టు సోములు పొయ్యి వెలిగించాడని దాన్ని కెటిలుతో సహా కాలితో తన్నాడు. “జొరమొచ్చిన మనవరాలికి పాలు కాస్తన్నాను బాబూ” అని సోములు మొత్తుకున్నా వినలేదు. “పొయ్యిలో నిప్పుంటే పనే” అన్నాడు. ఇప్పుడా సోములు సొట్టపోయిన కెటిలు పట్టుకుని ఊరేగింపు వెనకాలే నడుస్తున్నాడు, న్యాయం అందరికీ ఒకటేనో కాదో చూద్దామని.

“అటేటున్నాది? షాలిమార్ యార్డు వేపు పోదాం” అన్నాడు పోలిరాజు.

“గోడౌను దాటుకునే కదా పోవాలి” అన్నాడు బైరాగి.

గోడౌను ముందు జనం ఆగారు. లోపల డ్రమ్ములు మోగుతున్నాయి, కాళ్ళ కింద నేల అదిరేలా. గుమ్మం దగ్గరి చెప్పుల్లో ఒక జత మీద పోలిరాజు చూపు ఒక్క క్షణం నిలిచింది. ఈలోగా రేకు తలుపు మీద కర్రలు పడ్డాయి. డ్రమ్ములు ఆగిపోయాయి.

గడ్డం కుర్రాడొకడు తలుపు సందులోంచి తల బయటపెట్టాడు. వాడి వెనక గోడలనిండా గోనెసంచులు, వైర్లు, ఇంకా తిరుగుతున్న టేపు. చేతులు జోడించి బెంగాలీలో బతిమాలుకున్నాడు.

“మాదొక బ్యాండు దాదా. ఇది మా రెండో ఆల్బం. మొదటిది మా చుట్టాలే కొన్నారు. ఇదీ పోతే ఇంక మా మొహం చూసేవాడు లేడు. మామూలు రోజుల్లో రైలుకూతలూ లారీ హారన్లూ టేపులోకి వచ్చేస్తాయి. మంచి స్టూడియోకి మాకు స్తోమత లేదు. అందుకే బందు ఎప్పుడొస్తుందా అని కాచుకుంటాం. ఒక్క పాట మిగిలింది. రేపు క్యాసెట్ల కంపెనీకి టేపు ఇవ్వకపోతే ఒప్పుకోరు.”

“మనం బందు సేస్తే ఈళ్ళు పంట కోసుకుంటన్నార్రా!” ఎవరో నవ్వారు.

ఇంకెవరో కర్ర ఎత్తారు. “పగలగొట్టండి ఆ మిషనూ డోళ్ళూ!”

పోలిరాజు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. “ఆగండ్రా! పాటలు పాడుకుంటే అది పనెలాగవుద్ది? ఆట. బందు రోజు పేకాడుకునే వోళ్ళని ఏటన్నా అంటన్నామా? పదండి.”

సోములు ముందుకొచ్చాడు. కెటిలు కింద పెట్టాడంతే. ఆ చప్పుడు అందరికీ వినిపించింది.

“నువ్వు సెప్తే ఎలాగ మావా?” బైరాగి గొంతు తగ్గించాడు. “ఆటో పనో ఆళ్ళనే సెప్పనీ. ఆటంటే పోదాం. పనంటే మాత్రం సోములు పొయ్యికో రూలూ, ఈ డోళ్ళకో రూలూ ఉండకూడదు.” అని గడ్డం కుర్రాడి వేపు తిరిగి అదే బెంగాలీలో అడిగాడు.

“ఆటే దాదా, ఉత్త ఆట!” వాడు గబగబా అన్నాడు.

“నువ్వు కాదు. ఆ బాదేవోణ్ణి రమ్మను.”

వాడొచ్చాడు. ఒళ్ళంతా చెమట. చేతుల్లో ఇంకా పుల్లలు. ఎవరినీ చూడకుండా పోలిరాజు ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

“సెప్పు బాబూ.” పోలిరాజు కళ్ళతో ఏదో సైగ చెయ్యబోయి, బైరాగి చూస్తున్నాడని మానుకున్నాడు. “ఈ బాదుడంతా సరదాకే కదా? ఆటే కదా?”

ఔనంటే చాలు. కర్రలు దిగిపోతాయి, పాట పూర్తవుతుంది.

“పనే, నాన్నా.”