పేజీ నంబరు లేని మాట

"రాక్షసి మంచిదా? మీకు పెళ్లయి నెల కాలేదు. ఆ మురిపెంలో అందరూ మంచివాళ్లలాగే కనిపిస్తున్నారా?"

నేను పాఠాలు చెప్పే నాలుగో తరగతి పిల్ల తండ్రి, కూతురు రాసిన జవాబు కాగితం నా బల్ల మీదకి విసిరికొట్టాడు. అది పొద్దున్నే మా ఆయన ముచ్చటగా సర్దిచ్చిన లంచ్ డబ్బాకి తగిలి ఆగింది.

"మా క్లాసులో రూలు ఒకటేనండీ. కథలో ఎవర్ని ఏమన్నా, ఏ పేజీ చూసి అన్నామో రాయాలి. మీ అమ్మాయి రాసింది."

"పన్నెండో పేజీ నాన్నా," అంది అతని పక్కనే నిలబడ్డ పిల్ల. "వరదలో పడవవాళ్లకి దారి తెలియాలని రాత్రంతా దీపం పట్టుకుని నిలబడింది."

"మనుషుల్ని తినే రాక్షసని ఊరంతా చెప్పుకునే కథ అది! రేపే దీన్ని స్కూలు మాన్పిస్తా!"

నాకూ ఒళ్లు మండింది. "తిన్న పేజీ చూపించి మాన్పించండి."

అతను బల్ల మీదున్న కథ పుస్తకం లాక్కుని విసురుగా పేజీలు తిప్పాడు. చివరిదాకా వెళ్లి మళ్లీ మొదటికొచ్చాడు. 'తింటుందట' అని జనం అనుకోవడమే తప్ప, తిన్నట్టు ఎక్కడా లేదు.

"నాన్నా, గొలుసు దొంగిలించిందని అత్తని రెండేళ్లుగా ఇంటికి రానివ్వట్లేదుగా. తీస్తుంటే నువ్వు చూశావా?"

"నోర్ముయ్! మీ నానమ్మ చెప్పింది."

"నానమ్మ చూసిందా?"

పేజీ తిప్పబోయిన వేలు ఆగింది. అతను పిల్లల బెంచీలో ఇరుక్కుని కూర్చున్నాడు.

"పేజీ దొరక్కపోతే ఏం చెయ్యమంటారే మీ టీచరు?" కసిరినట్టే అడిగాడు.

"అన్న మాట కొట్టేసి, మళ్లీ మొదట్నుంచి చదవమంటారు," అంటూ పిల్ల తన పెన్సిలు తండ్రి చేతికిచ్చింది.