కోటలో కలిసిపోయిన లోటాలు

ఇప్పుడు సోషియాలజీ పరీక్షంటే పిల్లలు ఎగబడి చదివే మాయాకథల్లోకే వెళ్లి రాయాలి. రాజాజ్ఞ లేకుండా అక్కడి ఆచారం ఒక్కటైనా మార్చాలి. లేకపోతే పదో తరగతి మళ్లీ చదవాలి. మా అమ్మాయి మేధ కోసం వారం నుంచి మా హాల్లోనే కోట వెలుస్తోంది. నేను డ్రాగన్ తోక దాటుకుంటూ బట్టలు మడతపెడుతున్నాను.

ఆ కోటలో మేధ గిన్నెలు తోమే పిల్ల. డ్రాగన్లను కడిగేవాళ్ల లోటాలు అందరివాటిలాగే ఉన్నా, గుమ్మం బయట వేలాడతాయి. లోపల పెట్టమని మేధ ఎంత మొత్తుకున్నా కోటలో ఎవరూ వినలేదు.

"అంత చాకిరీ చేసేవాళ్లకి వేరే లోటాలేంటే!" మా అత్తగారు మండిపడ్డారు. "మాటలాపి, తోమేటప్పుడు అన్నీ కలిపెయ్. ఏది ఎవరిదో ఎవడికి తెలుస్తుంది?"

మేధ కలిపేసింది. విందులో దాహానికి ఆగలేక రాణి చేతికందిన లోటాతో తాగింది. కోటంతా తాగింది. గోడ మీద 'ఉత్తీర్ణత' అని వెలిగింది. మేధ గంతులేసింది.

"చూశావా మీ మామ్మ బుర్ర!" అంటూ వంటింట్లోకి వచ్చిన అత్తగారు ఆగిపోయారు. కిటికీలో పనిమనిషి నూకరత్నం గ్లాసు విడిగా ఉంది. దాన్నక్కడ పెట్టించింది అత్తగారే. దాన్ని తీసి మా గ్లాసుల మధ్య బోర్లించారు.

సాయంత్రం నూకరత్నం కిటికీ అంతా వెతికింది. "నా గళాసేదండీ పెద్దమ్మగారూ?"

"ఏమోనే, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి," అన్నారు అత్తగారు, కాఫీ గిన్నె దించుతూ. "నీకొకటి తీసుకో, నాకొకటి ఇవ్వు."