శుక్రవారం సైఫన్

పళ్ల ఆసుపత్రి ముందుగదిలో మళ్లీ నీళ్లు.

"ఇది నాలుగో శుక్రవారమయ్యా!" తడిసిన చెప్పులు చేత్తో పట్టుకుని డాక్టరమ్మ అరిచింది. "ఇందాక ఓ పేషెంటు జారి పడబోయాడు. పన్ను చూపించుకోడానికి వచ్చినవాడి నడుం విరిగితే ఎవడు సమాధానం చెప్తాడు? ఇవాళ ఇది బాగుపడకపోతే ట్యాంకు తీసేస్తా. నువ్వూ ఇక రానక్కర్లేదు."

చేపల ట్యాంకు మెకానిక్ వాచిన ఎడమ చెంపను చేత్తో పట్టుకుని తల ఊపాడు.

"ఆ పన్ను కూడా ఇవాళే పీకేస్తా. నెల నుంచి చెప్తున్నా."

"ముందు పని కానివ్వండి మేడమ్. పన్నెక్కడికి పోతుంది?"

ట్యాంకు అంచు మీదుగా వంగిన ఒక గొట్టం ఉంది. అదే సైఫన్. ట్యాంకులో నీళ్లను అది కింది తొట్టిలోకి దించుతుంది, మోటారు వాటినే మళ్లీ పైకి తోడుతుంది. గొట్టం వంపులో గాలి చేరిందా, నీళ్లు దిగడం ఆగిపోతుంది. మోటారు మాత్రం ఇవేవీ పట్టించుకోకుండా తోడుతూనే ఉంటుంది. ఆ తర్వాత గుడ్డ, బకెట్, రిసెప్షన్ అమ్మాయి సణుగుడు.

మెకానిక్ గొట్టం లోపలి పాచిని సన్నటి బ్రష్‌తో తోమాడు. వంపు మీదున్న చిన్న రంధ్రానికి నోరు పెట్టి, నొప్పికి మూలుగుతూనే లోపలి గాలంతా పీల్చేసి, కొత్త నల్ల రబ్బరు బిరడా బిగించాడు.

"ఇప్పుడు చూడండి."

మోటారు ఆపాడు. గొట్టం నిండుగానే నిలిచింది. మళ్లీ వేశాడు. నీళ్లు గలగలా దిగాయి. అలా మూడుసార్లు చేసి చూపించాడు. పని చేస్తున్నంతసేపూ అతని ముఖం వెలిగిపోయింది.

"ఈ బిరడా ఉన్నంతకాలం లోపలికి గాలి దూరదు మేడమ్. పదేళ్లు తిరుగుండదు."

డాక్టరమ్మ కోపమంతా దిగిపోయింది. "శభాష్! అయితే ఇక నా పని. వచ్చి కుర్చీలో కూర్చో."

"చేతులు కడుక్కుని వస్తా మేడమ్."

ఆమె లోపలికి వెళ్లి గ్లవ్స్ తొడుక్కుంది. ఇంజెక్షన్ సిద్ధం చేసింది. అంతలో ముందుగదిలోంచి గుడగుడమని చప్పుడు.

"మేడమ్! మళ్లీ పొంగుతోంది!" రిసెప్షన్ అమ్మాయి కేక పెట్టింది.

డాక్టరమ్మ పరుగున వచ్చి మోటారు ఆపింది. గొట్టం ఖాళీ. వంపు మీద రంధ్రం నోరు తెరుచుకుని ఉంది. పక్కనే మెకానిక్ గుంజలా నిలబడి ఉన్నాడు.

"బిరడా ఏదయ్యా?"

అతను రెండు చేతులూ చాపి చూపించాడు. ఏమీ లేదు. అమ్మాయి అతని జేబులు తిరగేయించింది. బ్రష్, తాళంచెవులు, ఓ రుమాలు. సోఫా కింద చూశారు, ట్యాంకులో చూశారు. ఎక్కడా లేదు.

"మాట్లాడవేంటి?"

అతను నేల మీది నీళ్లకేసి, మూలనున్న గుడ్డకేసి వేలు చూపించాడు. ముందు తుడుద్దామని.

"తుడవడం అమ్మాయి చూసుకుంటుందిలే. నొప్పికి పాపం మాట కూడా రావట్లేదు. పద."

చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టింది. లైటు వేసింది.

"ఏం భయం లేదు. నోరు తెరువు."

అతను అడ్డంగా తల ఊపాడు. ఆమె నెమ్మదిగా గడ్డం పట్టి కిందికి లాగింది.

పుచ్చిపోయిన పన్నుకు ఆనుకుని, నాలుక చాటున, కొత్త నల్ల రబ్బరు బిరడా కనిపించింది.