ఉదయగిరి బస్సులో వచ్చే మనిషి

"థూ! మళ్లీ వచ్చినాడురా!"

జోయల్ ముక్కుకు కర్చీఫ్ అదిమి పట్టుకున్నాడు.

గోల్‌పోస్టు ముందు ఆ మనిషి నడుము వంచి నేలంతా వెతుకుతున్నాడు. ఎడమ కాలికి మురికి కట్టు. దాని మీద పాలిథిన్ కవరు తొడిగి పురికొసతో కట్టాడు. చేతిలో గుడ్డ సంచి. పది అడుగుల దూరానికే చీము వాసన కొడుతోంది.

రోజూ ఇదే వరస. ఉదయగిరి నుంచి వచ్చే మొదటి బస్సు దిగి, ఆత్మకూరు చివర చర్చి వెనకున్న ఈ గ్రౌండుకు కుంటుకుంటూ వస్తాడు. వీళ్లు ఆట మొదలుపెట్టేసరికి గోడవారగా కూర్చుంటాడు. ఎనిమిదిన్నరకు లేచి వెళ్లిపోతాడు. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

"ఏం ఏరతాడురా ఆడ?" అన్నాడు చైతన్య.

"సిగరెట్ పీకలేమో. పొగాకు దులిపి మళ్లీ చుట్టుకుంటాడు," అన్నాడు సురేంద్ర.

"చెప్పబాకరా! నేనింకా టిఫిన్ తినాల."

బూట్ల తాళ్లు బిగిస్తూ జోయల్ ఫోన్ తీశాడు. సురేంద్రకు బూట్లు లేవు. జట్టులో సగం మందికి లేవు.

"మనోడు ఇంకా సంతకం పెట్టలేదంటరా!"

మనోడంటే ఎక్కడో సముద్రాల అవతల ఆడే ఆటగాడు. ముగ్గురి చొక్కాల మీదా అతని పేరే.

"కంట్రాక్టు మూడేళ్లకు రాయమంటే, క్లబ్బోళ్లు ఒక్క ఏడాదే అంటున్నారంట."

"మడమ అట్ట వాచిపోతే మూడేళ్లు ఎవురిస్తార్రా?"

"వాపు కాదురా, నరం. స్కానింగు పెట్టినారు చూడు."

మూడు తలలూ ఫోను మీదికి వంగాయి. జోయల్ వేళ్లతో ఆ మడమను పెద్దది చేసి చూశాడు.

"పాపంరా. ఎంత నొప్పో!"

"వచ్చే నెల మ్యాచీ కూడా డౌటే. ఆ పక్క యుద్ధమంట. విమానాలు ఆపేసినారంట."

"ఆడేమో మనుషులు చస్తా ఉంటే నీకు మ్యాచీ గోలేందిరా?"

"నేను ఏడిస్తే యుద్ధం ఆగతాదా?"

గోడవార నుంచి ఆ మనిషి గొంతు వినిపించింది.

"అబ్బయా, ఆ బిడ్డకు షుగరుండాదేమో చూపించుకోమనండి. కాలు అశ్రద్ధ చేయకూడదు."

ముగ్గురూ పగలబడి నవ్వారు.

"నువ్వే పోయి చెప్పు పెద్దాయనా. కంట్రాక్టు నీకే రాసిస్తారు!"

జోయల్ నవ్వు మాత్రం వెంటనే ఆగిపోయింది. శనివారం నెల్లూరు నుంచి కోచ్ వస్తున్నాడు, జిల్లా జట్టుకు గోల్‌కీపర్‌ను ఎంచుకోవడానికి. మూడేళ్లుగా జోయల్ ఆ రోజు కోసమే తెల్లవారుజామున లేస్తున్నాడు. ఆయన వచ్చేసరికి ఈ కంపు ఇక్కడ ఉంటే?

లేచి వెళ్లాడు.

"పెద్దాయనా, రేపట్నించి ఈడికి రాబాక."

"నేనెవురికి అడ్డమొస్తా అబ్బయా? తొమ్మిదయ్యేదాకా..."

"తొమ్మిదీ లేదు, పదీ లేదు. ఆ గబ్బుకు వాంతికొస్తా ఉండాది."

"ఆ మూల కాస్త మిగిలింది. అది ఏరేసి పోతా."

అతను లేచి సంచితో గోల్‌పోస్టు వైపు నడిచాడు. జోయల్‌కు ఒళ్లు మండింది. బూటుకాలితో సంచిని తన్నాడు. అది అతని చేతిలోంచి ఎగిరి గోల్‌పోస్టు ముందు బోర్లా పడింది. ఎండు గింజల్లాంటి మట్టిరంగు చెత్త చెల్లాచెదురైంది.

"అయ్యో, ఈడ పోయబాక నాయనా!"

అతను కూలబడి గబగబా ఏరబోయాడు.

"ముట్టుకోబాక! ఆ చేతులతో అంతా తడమతాడు, ఛీ!"

సురేంద్ర ఖాళీ సంచిని గోడ అవతలికి విసిరేశాడు.

అతను ఆ చెత్తను చూశాడు. సురేంద్ర వైపు తిరిగి, ఆ వట్టి కాళ్లను చూశాడు. ఏదో చెప్పబోయి, ముగ్గురూ ముక్కులు మూసుకుని ఉండడం చూసి, కుంటుకుంటూ వెళ్లిపోయాడు.

జోయల్ తల పక్కకు తిప్పుకునే, ఆ చెత్తను బూటుతో అటూ ఇటూ తోసి మట్టిలో కలిపేశాడు.

మర్నాడు కాళ్లకు రెస్ట్ ఇచ్చారు. మనోడు కూడా మ్యాచ్‌కు ముందు అంతేనట.

శనివారం ఆట మొదలైన కాసేపటికే బంతి ఎడమ వైపు దూసుకొచ్చింది. జోయల్ దూకాడు. అక్కడ వెయ్యిసార్లు దొర్లి ఉంటాడు. ఒంటికి దుమ్ము తప్ప ఏదీ అంటేది కాదు.

ఈసారి మోచేతి నుంచి మణికట్టు దాకా మేకులు దిగినట్టయింది. చేతులు విడిపోయాయి. బంతి నిదానంగా దొర్లుకుంటూ గీత దాటింది.

అడ్డం వచ్చిన సురేంద్ర తన పాదం పట్టుకుని కూలబడ్డాడు. కోచ్ పుస్తకంలో ఏదో కొట్టేసి, పెన్నుకు మూత పెట్టాడు.

ఆసుపత్రిలో నర్సు లిదియమ్మ పట్టకారుతో ఒక్కొక్కటే పీకి ట్రేలో వేస్తోంది.

"ఏందయ్యా ఇన్ని పల్లేరుకాయలు? ఏడ పడినావు?"

"చర్చి ఎనక గ్రౌండులో."

ఆమె చెయ్యి ఆగింది.

"ఆడనా? ఒక్క ముల్లు లేకుండా రోజూ శీనయ్య ఏరతాడే!"

"శీనయ్యెవరు?"

"ఉదయగిరి పక్క మనిషి. కాలికి కట్టు మార్పించుకోను వచ్చేవాడు. మొదటి బస్సు తప్పితే పదిన్నర దాకా ఇంకోటి లేదంట. మేమేమో తొమ్మిదికి గాని తలుపు తియ్యం. ఆ గ్రౌండులోనే ఉండేవాడు. నిన్న నెల్లూరులో ఆ కాలు మోకాలి కాడికి తీసేసినారంట. ఇంకేం వస్తాడు?"

జోయల్ ట్రేలోకి చూశాడు. ఎండు గింజల్లా, మట్టిరంగులో.

"ఆయన కాలికి ఏమైంది సిస్టర్?"

"షుగరయ్యా. కాళ్లు మొద్దుబారిపోయినాయి. పల్లేరుకాయ దిగబడి నాలుగు రోజులున్నా తెలీలేదంట, పుండు పట్టింది."

"మరి, మా గ్రౌండులో ఎందుకు ఏరేవాడు?"

"నేనూ అదే అడిగినా. 'నాకైతే గుచ్చుకున్నా తెలీదమ్మా, ఆ పిల్లకాయలకు నొప్పి తెలుస్తాది గదా' అన్నాడు."